పడవ సీను

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు. రాజోలులో మా స్నేహితుడి ఇంట్లో పాత సినిమా చూస్తున్నాం. సినిమా నిండా సెలవులకు పల్లెకొచ్చిన కాలేజీ కుర్రాళ్ల ప్రేమలూ, అల్లర్లూ. పడవ సీను రాబోతుండగా స్నేహితుడి తల్లి పక్కింటి మామ్మగారిని పిలుచుకొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

హీరో గోదావరిలో పడ్డాడు. నేను పగలబడి నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. తెర మీద పడవ నడిపే మనిషి గెడ వదిలేసి, కంగారుగా చెయ్యి చాపాడు.

“మా ఆయనండి,” అన్నారు మామ్మగారు. “షూటింగప్పుడు ఆ అబ్బాయి నిజంగానే పడిపోయేడనుకున్నారండి.”

“వారి ఫొటో ఉందా అండీ?” అనడిగాను.

“లేదండి. ఇదే.”

సీను అయిపోగానే ఆవిడ లేచారు. “తర్వాత వరదలో కొట్టుకుపోతున్నవాడికీ అలాగే చెయ్యందించబోయి పోయేరండి,” అని చెప్పి వెళ్లిపోయారు.

సినిమా ఇంకా సగం ఉంది.