అబద్ధమాడని మిషను

ఈసింగ్ తన కుట్టుమిషను బల్ల మీద పాత లాప్‌టాప్ పెట్టి, వీధిలో పిల్లల చేత పాటలు పాడించడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళుగానూ పిల్లల్ని నిక్షేపంగా మోసం చేస్తూనే ఉంది మహాతల్లి. అరవై రెండేళ్ళ మనిషి, బడిపిల్లలకి యూనిఫాంలు కుట్టుకుని బతికే మనిషి, ఆదివారం ఆదివారం చర్చి పూజకెళ్ళి ముందు బెంచీలో కూర్చునే మనిషి! ఎవరైనా అనుమానిస్తారా చెప్పండి?

అసలు తప్పు లాప్‌టాప్‌దే. గుయిమరాస్ దీవిలో పాటంటే తెర మీద మాటలు, చేతిలో మైకు ఉంటే సరిపోదు. పాట అయ్యాక అంకె పడాలి, బూరా మోగాలి. అప్పుడే పాడినట్టు లెక్క. అద్దెకి తెచ్చే పెద్ద పెట్టెలన్నీ అలాగే చేస్తాయి. ఈ లాప్‌టాప్ మాత్రం పాట అవగానే నోరు మూసుకుని కూర్చునేది. వీధి పిల్లలందరికీ ఆవిడ లోలా, అంటే అమ్మమ్మ. మొదటిరోజు వచ్చిన ఏడుగురు పిల్లలూ, "ఇదేం మిషను లోలా? మార్కులే ఇవ్వదు!" అని మైకు బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. వాళ్ళకోసం వేయించిన అరటిపళ్ళు అలాగే చల్లారిపోయాయి. ఈసింగ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడే పడవెక్కి పట్నంలో రిపేరు షాపుకి పోయింది. అక్కడతను ఇంకో చిన్న కీబోర్డు తగిలించి, పొడుగాటి వైరిచ్చాడు. వైరు పరదా కింద నుంచి లోపలి గదిలోకి పోతుంది. అక్కడ ఈసింగ్ గుడ్డ కుట్టుకుంటూ కూర్చుని రెండంకెలు నొక్కిందంటే, బయట తెర మీద ఎర్రగా మార్కులు పడి బూరా మోగుతుంది.

"రెండంకెలే పడతాయమ్మా. మూడోది నొక్కినా తీసుకోదు, తొంభై తొమ్మిదే ఆఖరు," అన్నాడతను.

"చాల్లే నాయనా. నూటికి నూరు వేసేంత గొప్పగా మా వీధిలో ఎవరు పాడి ఏడ్చారు," అంది ఈసింగ్.

ఇక చూసుకోండి. నీళ్ళ బిందె మోసిపెట్టిన పిల్లకి తొంభై నాలుగు. కంచె దూకి పచ్చిమామిడికాయలు కోసినవాడికి యాభై రెండు. సేమ్యాలో ఉప్పెక్కువైందని మూతి ముడిచినవాడికి ముప్పై ఎనిమిది, అదీ మూడు పాటలకి వరసగా. కారణం తెలీకపోయినా, వీధిలో పిల్లలు మాత్రం మెల్లిగా దారికొచ్చారు. పాట నేర్చుకుంటే బుద్ధి కూడా వస్తుంది కాబోలని తల్లులు ముక్కున వేలేసుకున్నారు.

అంతా సాఫీగా పోతుంటే ఊరి పెద్ద, కపితాన్, వచ్చి నెత్తిన బండ వేశాడు.

"ఈసింగ్ అక్కా, ఈసారి ఫియెస్తా పండగలో పిల్లల పాటల పోటీకి మీ లాప్‌టాపే జడ్జీ. మనూళ్ళో ఎవర్ని కూర్చోబెట్టినా ఎవరికో ఒకరికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రో జ్ఞానతల్లో అయి చస్తున్నారు. పోయినేడు కుర్చీలు లేచాయి, చూశావుగా. మిషనుకి జ్ఞానబిడ్డలుండరు, అబద్ధమాడదు."

నిజం చెబితే ఈసింగ్ పిల్లల ముందు తలెత్తుకోగలదా? ఇంకెప్పుడైనా వాళ్ళు గడప తొక్కుతారా? చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. అంతలో కపితాన్, "టెలాయ్ మనవరాలు మారివిక్ కూడా పాడుతోంది," అన్నాడు. తెరిచిన నోరు టక్కున మూసేసింది.

టెలాయ్ పేరు చెబితే ఈసింగ్‌కి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఇదే పండక్కి ఇద్దరూ పోటీలో పాడారు. టెలాయ్ ఒక చరణం మరిచిపోయి మధ్యలో నీళ్ళు నమిలింది. అయినా మొదటి బహుమతి దానికే, ఎందుకంటే జడ్జీ దాని జ్ఞానతండ్రి. ఈసింగ్ ఆ రోజు నుంచి నలుగుర్లో పాడలేదు. నలభై మూడేళ్ళు! తర్వాత ఆ టెలాయే ఈసింగ్ కూతురికి జ్ఞానతల్లి అయింది, ఆ వరసతో ఇద్దరూ ఒకర్నొకరు "మారే, మారే" అని పిలుచుకుంటారు. మంట మాత్రం మంటే.

పోటీ రోజు పొద్దున ఈసింగ్ మనవరాలు నెనెత్ జడ వేయించుకుంటూ అంది: "లోలా, నాకు తొంభై తొమ్మిది వెయ్యి. ఫస్టు వస్తే పందిపిల్ల ఇస్తారట. పేరు కూడా పెట్టేశాను."

"నేను వెయ్యడమేంటే? మిషను కదా..."

"పరదా వెనకాల నువ్వు నొక్కుతావుగా! ఎప్పుడో చూశాను. లేకపోతే రోజూ అంట్లు ఊరికే తోముతున్నాననుకున్నావా?"

ఎనిమిదేళ్ళ పిల్ల! ఈసింగ్ చేతిలో దువ్వెన జారిపోయింది.

మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ కోర్టు నిండా జనం. వైర్లు చూసుకోవాలన్న వంకతో ఈసింగ్ లాప్‌టాప్ పక్కనే కుర్చీ వేసుకుని, కుట్టు సగమైన స్కర్టు ఒళ్ళో పరుచుకుంది. కీబోర్డు దాని కింద ఉంది.

మారివిక్ పాడింది. అబ్బ, ఏం గొంతు! ఈసింగ్ వేలు మాత్రం స్కర్టు కింద ముప్పై ఎనిమిదికి సిద్ధంగా ఉంది. నొక్కబోతూ తలెత్తి చూసింది. మారివిక్ రెండు చేతులా మైకు పట్టుకుని తెర వంకే చూస్తోంది, ఊపిరి బిగబట్టి. ఆనాడు తనూ అచ్చం అలాగే నిలబడింది.

"ఛీ, నా బుద్ధి కాలా," అని గొణుక్కుని తొంభై తొమ్మిది నొక్కింది. బూరా మోగింది.

తర్వాత నెనెత్ పాడింది. పాడింది అనడం మర్యాద కోసం. మొదటి వరసలో చంటిపిల్లాడు లేచి ఏడ్చాడు. ఎంత కక్కుర్తి పడినా ఈసింగ్ వేలు డెబ్బై ఒకటి దాటలేదు. నెనెత్ స్టేజీ మీద నుంచే కొరకొరా చూసింది.

అప్పుడు టెలాయ్ లేచి మైకు లాక్కుంది.

"అందరూ వినండి! నలభై మూడేళ్ళ కింద నేను చరణం మరిచిపోయి కూడా ఫస్టొచ్చాను. సిగ్గుతో ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఆ రోజు ఈ మిషనుంటే మా ఈసింగే గెలిచేది. రా మారే, ఇవాళ పాడు. మిషను అబద్ధమాడదు!"

జనం ఈలలు వేస్తూ ఈసింగ్‌ని లేపేశారు. వద్దు మొర్రో అన్నా వినరే! వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ కుర్చీలో నెనెత్ కూర్చుని, స్కర్టు ఒళ్ళోకి లాక్కుంటోంది. పందిపిల్ల పోయిన కోపంలో ఉన్న పిల్ల! అయిపోయాన్రా దేవుడా అనుకుంది ఈసింగ్.

కానీ పాడింది. మొదటి చరణం వణికింది. రెండో చరణానికి కళ్ళు మూసుకుంది. మూడోదానికి పంతొమ్మిదేళ్ళ గొంతు ఎక్కడో దాక్కున్నది బయటికొచ్చి కూర్చుంది. టెలాయ్ బాహాటంగా ఏడుస్తోంది.

బూరా మోగింది. తెర మీద ఎర్రగా పడింది: పది.

కోర్టంతా నవ్వులే నవ్వులు.

"అయ్యో మారే, మిషనుకి చెవుడొచ్చినట్టుంది!" అంది టెలాయ్, ఏడవాలో నవ్వాలో తెలీక.

ఈసింగ్ గబగబా కుర్చీ దగ్గరికి వెళ్ళింది. నెనెత్ మొహం పాలిపోయి ఉంది.

"నూరు నొక్కాను లోలా," అంది చెవిలో, వెక్కుతూ. "ఒకటి, సున్నా, సున్నా. మూడూ నొక్కాను, ఒట్టు!"

ఈసింగ్ పిల్లని స్కర్టుతో సహా గుండెకి హత్తుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. పది మార్కులొచ్చి ఇంత సంబరపడే మనిషిని ఎక్కడా చూడలేదన్నారు జనం.

ఇప్పుడు ఊరంతా ఆవిణ్ణి "పది లోలా" అనే పిలుస్తుంది. చేపలమ్మే మనిషి కూడా వీధి చివర నుంచే "పదీ, ఏమైనా కావాలా?" అని కేకేస్తుంది. ఈసింగ్ కుట్టుమిషను ఆపి మరీ, "ఓయ్, వస్తున్నా!" అంటుంది.