లోపాలు తక్కువైన కారు

లిఫ్టులు తనిఖీ చేసే మనిషిని పొరపాటున కూడా "బాగున్నారా?" అని అడగకండి. అందరిలా "ఆ, బాగున్నాం" అని ఊరుకోడు. కాసేపు ఆగుతాడు. మోకాళ్లు, కడుపు, నిద్ర అన్నీ లోపల్లోపలే ఒకసారి తట్టి చూసుకుని, అప్పుడు "ప్రస్తుతానికి ఫరవాలేదండీ" అంటాడు. బావమరిది కొత్త ఇల్లు చూపించినప్పుడూ అదే మాట, పక్కింటావిడ మనవణ్ణి చేతికిచ్చినప్పుడూ అదే మాట. నెలల పసివాణ్ణి ఎత్తుకుని ప్రస్తుతానికి ఫరవాలేదనడం ఏం మర్యాదో మీరే చెప్పండి. ఆవిడ అప్పట్నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. వీధి మొత్తానికి ఆయన 'ప్రస్తుతానికి గారు'.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఎవరి రిపోర్టులోనైనా ఒక్క లోపమూ లేకపోతే ఆ మనిషి లిఫ్టు చూడనే లేదని అర్థం. కింద కాపలావాడితో టీ తాగి సంతకం పెట్టి వచ్చేశాడన్నమాట. అందుకని లిఫ్టు నిన్ననే బిగించినదైనా సరే, అద్దం మీద మరక ఉందనో, మూడో అంతస్తు బటన్ బద్ధకంగా వెలుగుతోందనో ఒక్క ముక్క రాసి తీరాలి. మేడ మీది మోటారు గదిలో టార్చి పట్టుకుని, తాడు చప్పుడుకు చెవి ఒగ్గి, ఆయన జీవితమంతా ఆ ఒక్క ముక్క కోసమే వెతికాడు. మచ్చ లేనిది ఏదైనా కనబడితే ఆయనకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటి మనిషికి కారు కొనాల్సిన పని పడింది. పని ఆయనది కాదు, భార్యది.

ఆవిడ వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు చూసేది. చొక్కా మీద మరకను ఒక్కసారి చూస్తే అది సిరాదో, టీదో, అబద్ధానిదో చెప్పేసేది. ఊరి అంచున ఉన్న పెద్దాసుపత్రి లాండ్రీవాళ్లు ఆవిణ్ణి పిలిచి సూపర్‌వైజరుగా రమ్మన్నారు. తన కింద పదిమంది, తనకో గది, తలుపు మీద తన హోదా. సోమవారం పొద్దున ఆరింటికి డ్యూటీలో ఉండాలి. అటువైపు వెళ్లే మొదటి బస్సు బయల్దేరేదే ఆరింటికి. సోమవారం రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తామని మర్యాదగానే చెప్పారు. ఆవిడ అప్పటికే డ్రైవింగు నేర్చుకుని, రెండుసార్లు తప్పి, లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఇక కావలసింది కారే.

"స్కూటరు మీద నేను దింపనూ?" అన్నాడాయన.

"నాలుగు రోజులు దింపుతారు. అయిదో రోజు నడుం పట్టేసిందని పడుకుంటారు. మిమ్మల్ని చూసుకోనా, దుప్పట్లు చూసుకోనా?" అందావిడ.

సరే, కారు వేట మొదలైంది. పాత కారు కొనేవాడు ఎవడైనా సరే, తనిఖీ రిపోర్టులో లోపాలు లేకపోతే సంబరపడతాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఈయన శుభ్రమైన రిపోర్టు కనబడగానే కాగితం మడిచి ఇచ్చేసేవాడు. "ఒక్క లోపం కూడా లేదట. ఏం దాస్తున్నారో" అనేవాడు. ఒక షోరూం కుర్రాడైతే పాపం చేతులు జోడించి, "సార్, నిజంగానే బాగుంది సార్" అన్నాడు. ఆ మాటతో ఈయన అనుమానం రెట్టింపయింది. శుక్రవారం దాటింది. ఆవిడ అన్నం వడ్డిస్తూ గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది.

చివరికి ఆవిడే ఒక ప్రకటన పట్టుకుంది. రిపోర్టు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. కారు పాసైంది గానీ కింద చిన్న హెచ్చరికలున్నాయి. ముందు కుడి టైరు కొంచెం అరిగింది, వైపరు రబ్బరు గట్టిపడింది, ఇంజను అడుగున నూనె చెమ్మ, బ్రేకు పైపు మీద పైపైన తుప్పు. ఆయన దాన్ని ప్రేమలేఖ చదివినట్టు చదివాడు. "ఎవడో పనిమంతుడు చూశాడే ఈ కారుని" అన్నాడు. శనివారం సాయంత్రం ఇద్దరూ స్కూటరెక్కి వెళ్లారు.

కారు చిన్నది, నీలం రంగుది, అద్దంలా తుడిచి ఉంది. కారు యజమాని రైల్వే స్టేషనులో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పి చెప్పి రిటైరైన పెద్దమనిషి. మైకు పోయినా గొంతు పోలేదు. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా రైలు వస్తున్నట్టే చెబుతాడు.

"దయచేసి వినండి" అన్నాడు స్టేషనాయన, బానెట్ మీద చెయ్యి వేసి. "ఈ కారు ఉదయం పూట ఆలస్యముగా స్టార్టు అగును. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. మలుపుల్లో బ్రేకు కీచుమనును."

ఇంతకుముందు వచ్చినవాళ్లంతా రెండో లోపం దగ్గరే చెప్పులు తొడుక్కున్నారు. ఈయన మాత్రం కదల్లేదు. ఒక్కో లోపానికీ మొహం ఇంకొంచెం విప్పారింది. భార్య చెవిలో, "ఇంత నిజాయితీపరుణ్ణి ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామే" అని గొణిగాడు. తర్వాత ఆశగా, "ఇంకేమైనా ఉన్నాయా అన్నగారూ?" అని అడిగాడు.

స్టేషనాయన కంగారుపడ్డాడు. "ఎందుకు లేవు? వాన పడితే కప్పులోంచి డ్రైవరు నెత్తిన నీరు కారును. స్టీరింగు ఎడమకు లాగును. హారను... హారను ఒక్కొక్కసారి తనంతట తానే మోగును. దిగి బతిమాలుకుంటే గాని ఆగదు."

"ఇదే తీసుకుందాం" అన్నాడు లిఫ్టాయన భార్యతో. ఆవిడ మనసులో కుర్చీలో కూర్చుంది, తలుపు మీద హోదా కూడా చదువుకుంది. అయితే ఈయన ఊరికే తీసుకునే రకమా? "ఒక్కసారి చూసుకుంటాను" అని టార్చి తీశాడు. అక్కడే కొంప మునిగింది.

చాప అడిగి కారు కింద దూరాడు. రిపోర్టులో రాసిన నాలుగూ రాసినట్టే ఉన్నాయి. ఎడమ తలుపు లోపలి నుంచి తోశాడు, అది వెన్నలా తెరుచుకుంది. తాళం తిప్పగానే స్టార్టయింది. తాను పక్కన కూర్చుని ఆవిడచేత వీధిలో రెండు చుట్లు తిప్పిస్తే స్టీరింగు గీత గీసినట్టు పోయింది, బ్రేకు కిక్కురుమనలేదు. భార్యచేత కప్పు మీద బకెట్ నీళ్లు పోయించి, తాను లోపల కూర్చుని అరచేతులు పైకి పెట్టుకుని చూశాడు. ఒక్క చుక్క పడలేదు. హారను మోగుతుందేమోనని అందరూ నిలబడి చాలాసేపు ఎదురుచూశారు కూడా. దానికి ఆ ఉద్దేశం లేదు.

దిగేసరికి ఆయన మొహం మాడిపోయింది. "మోసం" అన్నాడు. "మీరు చెప్పినవాటిలో ఒక్కటీ లేదు. లేని లోపాలు ఉన్నాయని చెప్పే మనిషి, ఉన్నవి లేవని చెప్పడని ఏంటి నమ్మకం? మాకొద్దీ కారు. పదవే."

ఇలాంటి మాట విన్న మనిషి ఏం చెయ్యాలి? ఖాళీ బకెట్ చేతిలో ఉన్న ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది గానీ పెద్దవాళ్ల ఇంట్లో బాగుండదని మానుకుంది. బకెట్ కింద పెట్టి గేటు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారు బాగున్నందుకు బేరం చెడగొట్టుకునే మొగుడు ప్రపంచంలో ఒక్కడే ఉంటాడు, ఆ ఒక్కడూ తనకే దొరికాడు.

ఇంతలో లోపలి నుంచి స్టేషనాయన భార్య వచ్చింది. "మళ్లీ మొదలెట్టారా మీ అనౌన్సుమెంట్లు?" అంది మొగుణ్ణి. తర్వాత ఈవిడ వైపు తిరిగి, "కారుకేం లేదమ్మా, ఈయనకే చూపు ఆనడం లేదు. మా గేటు గుద్దారు. పక్కవాళ్ల గేటు గుద్దారు. అమ్మేయమంటే సరేనంటారు, వచ్చినవాళ్లందర్నీ ఇలా బెదరగొట్టి పంపుతారు" అంది.

స్టేషనాయన గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా తగ్గింది. "పొద్దున్నే దాన్నేసుకుని ఎటో ఒకవైపు వెళ్లొచ్చేవాణ్ణమ్మా. అది కూడా వెళ్లిపోతే ఇక నాకు వెళ్లే చోటేముంది?"

లిఫ్టాయన టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడకు ఒక ఉపాయం తోచింది. కళ్లు తుడుచుకుని, "అన్నయ్యగారూ, నాకు డ్రైవింగు కొత్త. మొదట్లో తోడు ఎవరైనా పక్కన కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది. సోమవారం పొద్దున్నే వస్తారా?" అంది.

"పక్కన నేను కదా కూర్చునేది" అన్నాడు మొగుడు. ఆవిడ విననట్టే తాళం చెయ్యి అందుకుంది. పెద్దాయన దాన్ని ఒకసారి తుడిచి మరీ ఇచ్చాడు.

సోమవారం ఇంకా మసక చీకటి ఉండగానే స్టేషనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వీళ్ల గేటు ముందు హాజరు. రైళ్ల దగ్గర నేర్చిన అలవాటు మరి. లిఫ్టాయన అప్పటికే తయారై కారు ముందు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

నిజం చెప్పాలంటే ఆయన రాత్రంతా నిద్రపోలేదు. టైరు గురించి కాదు, తుప్పు గురించీ కాదు. పెళ్లయినప్పట్నుంచి ఆవిడ ఎక్కడికి వెళ్లినా ఆయన వెనకాలే, స్కూటరు మీద, ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్లింది. ఇప్పుడు ఆ చెయ్యి స్టీరింగు మీదికి పోతోంది. ఆవిడకేమైనా అవుతుందేమోనని భయం. ఏమీ కాకుండా హాయిగా వెళ్లొస్తుందేమోనని ఇంకో భయం. ఈ రెండో భయం పైకి చెప్పుకునేది కాదు కనుక, "ముందు సీటు నాది" అన్నాడు.

"నన్ను పిలిచింది అమ్మాయి" అన్నాడు స్టేషనాయన.

"ఆ అమ్మాయి నా భార్య."

"కారు నాది. అంటే, మొన్నటిదాకా."

"మీకు రోడ్డు కనపడదు కదండీ."

"మీరు పక్కన కూర్చుంటే గాలిలో బ్రేకు తొక్కుతున్నారు. మొన్న వీధిలో మా ఆవిడ కూడా చూసింది."

"అది జాగ్రత్త."

"అది కంగారు."

ఇద్దరూ టైరు దగ్గరికి వెళ్లి అది ఎంత అరిగిందో వేళ్లతో కొలుస్తూ వాదించుకున్నారు, మళ్లీ వెనక్కి వచ్చి తుప్పు మీద వాదించుకున్నారు. ఆవిడ లోపల కూర్చుని, అద్దం సరిచేసుకుని, వీళ్లు పేవ్‌మెంటు ఎక్కేదాకా ఆగింది. తర్వాత కిటికీ అద్దం దించి, "మీరిద్దరూ తేల్చుకోండి, నాకు టైమవుతోంది" అని గేరు వేసింది. కారు కదిలింది. వీధి చివర ఆగింది, కుడి లైటు వెలిగి ఆరింది, తిరిగిపోయింది. పేవ్‌మెంటు మీద పెద్దమనుషులిద్దరూ నోళ్లు తెరుచుకుని మిగిలారు.

గుమ్మం మెట్ల మీద ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. తెల్లగా తెల్లవారింది. ఫోను మోగగానే లిఫ్టాయన లాక్కున్నాడు. అడగాల్సినవి వరసగా పెట్టుకున్నాడు: బ్రేకు, వేడి, చప్పుడు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"భయమేసిందా?"

"మొదట్లో వేసింది. తర్వాత పోయింది" అందావిడ. వెనకాల పెద్ద మిషన్లు తిరుగుతున్న రొద వినబడింది.

"నాకింకా పోలేదు" అన్నాడాయన చిన్నగా.

"తెలుసు. అందుకే ఎక్కించుకోలేదు. టీ ఫ్లాస్కులో ఉంది, అన్నయ్యగారికి కూడా ఇవ్వండి. నన్ను పిలుస్తున్నారు." ఫోను పెట్టేసింది.

స్టేషనాయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, అటు తిరిగే అడిగాడు: "కారు గురించేమైనా అందా?"

ఆవిడ కారు ఊసే ఎత్తలేదు.

"చాలా బాగుందంటోంది అన్నగారూ" అన్నాడు లిఫ్టాయన, టీ తేవడానికి లేచాడు.