టకానిని బీరువాలో రెండు టేపులు

టేపుల మీద సీతారత్నానికి నమ్మకం కాకినాడలోనే కుదిరింది. అక్కడ ఒక ఎరువుల ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో పన్నెండేళ్లు పనిచేసింది. కంప్యూటర్‌లోని సమాచారం దాచే పళ్లెమంత టేపు చక్రాలను ఎక్కించడం, దించడం, వాటి మీద తేదీ రాయడం ఆమె ఉద్యోగం. భర్త కృష్ణారావుతో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చాక ఆ అనుభవం ఎవరికీ పట్టలేదు. రెండేళ్లు వీధి మలుపులో, అక్కడివాళ్లు డైరీ అని పిలిచే చిల్లర కొట్టులో పాలూ బ్రెడ్డూ అమ్మింది. నలభై నాలుగో ఏట ఊళ్లోనే న్యూ లిన్ అనే పేటలో ఒక భూముల సర్వే ఆఫీసులో పని దొరికింది.

ఆ ఆఫీసు వాళ్లు కొండలూ పొలాలూ కొలిచి, కొత్త ఇళ్ల స్థలాలకు పటాలు గీసేవారు. రోజూ ఆ పటాలన్నీ పెద్ద కంప్యూటర్ నుంచి పక్కనున్న డిస్కుల పెట్టెలోకి వాటంతట అవే కాపీ అయ్యేవి. ప్రతి శుక్రవారం సీతారత్నం ఆ పెట్టెలోంచి టేపు మీదికి ఎక్కించేది. ఇప్పటి టేపు అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని సంచీలో వేసుకుని రైల్లో టకానిని పేటలోని తమ ఇంటికి వెళ్లి, బీరువాలో చీరల మధ్య పెట్టేది.

యజమాని గ్రేమ్ మంచివాడే గానీ, ఆ టేపులంటే విసుగు. 2007 జనవరిలో అడగనే అడిగాడు.

"డిస్కులో ఒక కాపీ ఉంది కదా రత్నా! ఇంకా ఈ తంటా ఎందుకు?"

"రెండూ ఒకే గదిలో ఉన్నాయి గ్రేమ్. ఆ గదికే ఏదైనా అయితే?"

"ఏమవుతుంది?"

ఏమవుతుందో ఆమెకూ తెలియదు. "ఏమీ కాకపోవచ్చు. కానీ నన్ను చేసుకోనివ్వండి" అంది. అతను భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పటాలు ఒక టేపులో పట్టలేదు. మెషీను రెండోది అడిగింది. అది రాయడం, రాసింది సరిచూడడం అయ్యేసరికి రెండు రైళ్లు తప్పిపోయాయి. ఇంటికి చేరేసరికి కృష్ణారావు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఆ ఆఫీసేమన్నా నీ పుట్టిల్లా రత్నం? సగంలో వదిలేసి రావచ్చుగా!"

"సగం రాసిన టేపు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనండి."

సోమవారం పొద్దున ఆమె ఆఫీసుకెళ్లేసరికి అందరూ బయట నిలబడి ఉన్నారు. ఆదివారం పై అంతస్తులో నీటి పైపు పగిలి, కంప్యూటర్ల గది కప్పు కూలిపోయింది. పెద్ద కంప్యూటర్, డిస్కుల పెట్టె, టేపు మెషీను అన్నీ నీళ్లలో నానుతున్నాయి. గ్రేమ్ ముఖం పాలిపోయింది.

"పన్నెండేళ్ల కొలతలు! మళ్లీ ప్రతి కొండా ఎక్కాలా?"

సీతారత్నం వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. కృష్ణారావుకి ఆ రోజు సెలవు.

"ఏవండీ, బీరువాలో పట్టుచీరల కింద మొన్న శుక్రవారం తెచ్చిన రెండు టేపులున్నాయి. మెల్లిగా డ్రైవ్ చేసుకుని తీసుకురండి. ఎండలో పెట్టకండి."

గంట తర్వాత అతను కారు దిగాడు. టేపులు ముందు సీట్లో తువ్వాలు చుట్టుకుని, సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నాయి. నవ్వే పరిస్థితి కాదు గానీ ఆమెకు నవ్వొచ్చింది.

కంప్యూటర్లు సరఫరా చేసే మనిషి బుధవారానికి వేరే కంప్యూటరూ, పాత టేపు మెషీనూ అరువు తెచ్చాడు. సీతారత్నం మొదటి టేపు పెట్టింది. మెషీను కాసేపు గిరగిరా తిప్పి బయటికి తోసేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తోసేసింది. గ్రేమ్ కుర్చీలో కూలబడ్డాడు. సీతారత్నం ఆలోచించింది. శుక్రవారం తాను సరిచూసిన మాట నిజం. టేపులో లోపం ఉండకూడదు. మరి మెషీనులో?

"ఇది వాడి ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

"ఏడాది పైనే" అన్నాడు తెచ్చినతను.

మెషీనులో టేపును చదివే భాగాన్ని శుభ్రం చేసే టేపు ఒకటి అడిగి తెప్పించి, రెండుసార్లు తిప్పింది. తర్వాత తన టేపు పెట్టింది. ఈసారి మెషీను మింగిన టేపును కక్కలేదు. తెర మీద ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే దిగసాగాయి. మధ్యాహ్నం రెండో టేపు అడిగింది, ఇచ్చింది. నాలుగింటికి గ్రేమ్ ఒక పటం తెరిచాడు. గీతలన్నీ ఉన్నాయి, అంకెలన్నీ ఉన్నాయి. ఇంకొకటి, ఇంకొకటి తెరిచాడు. తర్వాత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"రత్నా, ఆ రోజు నేనన్న మాట మర్చిపో."

"ఏ మాట?" అంది ఆమె. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుట్నుంచీ తనేమీ తినలేదని. డబ్బాలోని పులిహోర తెరిస్తే గ్రేమ్ కూడా ఒక చెంచా పట్టుకొచ్చాడు.

ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చున్నదే ఆమెకు తెలుసు. మూడు రోజుల నిద్ర ఒక్కసారిగా మీద పడింది. కళ్లు తెరిచేసరికి టకానిని దాటిపోయి, తర్వాతి స్టేషన్ పాపకురాలో రైలు ఆగి ఉంది. ఫోన్ చేస్తే కృష్ణారావు పకపకా నవ్వాడు.

"అక్కడే కూర్చో, వస్తున్నా. పటాలు దొరికాయి సరే, ఇప్పుడు నిన్ను వెతుక్కోవాలన్నమాట!"

ఆమె ప్లాట్‌ఫాం మీద బెంచీకి చేరబడి, చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది. ఇంకా బోలెడంత వెలుగుంది. ఎక్కడికీ పరుగెత్తాల్సిన పని లేదు.