తక్కినవన్నీ గోడలు

పోయిన బుధవారం పొద్దున, నేను దేవుడి దగ్గర దీపం పెట్టి ఇంకా చేతి కుంకుమ తుడుచుకోకముందే, వీధిలో ఇద్దరు పెద్దమనుషులు వచ్చి నిలబడ్డారు. ఒకాయన భుజాన చుట్ట చుట్టిన ఫ్లెక్సీ, ఇంకొకాయన చేతిలో బైండింగ్ వైరు. పక్క బజారు గుడిలో వార్షికోత్సవమట, మా పై వాటా గ్రిల్లుకు కట్టుకుంటామన్నారు. అడగడం కూడా మర్యాద కోసమే, అప్పటికే రెండు మెట్లు ఎక్కేశారు. "కట్టొద్దండి" అన్నాను. ఆ మాట నా నోటి వెంట వస్తుందని వాళ్ళూ అనుకోలేదు, లోపల పేపరు చదువుకుంటున్న మా ఆయనా అనుకోలేదు. ఆయన తల ఎత్తి నన్ను ఒకసారి చూసి, మళ్ళీ పేపర్లోకి దిగిపోయారు. పెద్దాయన నొచ్చుకున్నాడు. "దేవుడి ఫ్లెక్సీ గదమ్మా" అన్నాడు. "దేవుడిదైనా సరే" అన్నాను. కారణం వాళ్ళకు చెప్పలేదు. గుమ్మంలో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదది.

నరసరావుపేటలో మా డాబా మూడు దారులు కలిసే చోట ఉంది. మార్కెట్టుకు పోయేవాళ్ళకీ, బస్సు దిగి వచ్చేవాళ్ళకీ ముందు కనపడేది మా ఇల్లే. అందుకని పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, నాయకులకు స్వాగతాలు, పోయినవాళ్ళకు నివాళులు, కోటప్పకొండ తిరునాళ్ళ శుభాకాంక్షలు, అన్నీ మా పై గ్రిల్లు మీదికే వచ్చేవి. "మన ఇంటికి రంగులేయించే పని లేదే, ఊళ్ళో పెద్దోళ్ళంతా వచ్చి ఏలాడతన్నారు" అనేవారు మా ఆయన. పని అయిపోయిన ఫ్లెక్సీలను శావల్యాపురం నుంచి మా తమ్ముడు వచ్చి పట్టుకుపోయేవాడు, కళ్ళంలో మిరపకాయల మీద కప్పడానికి. అంతటి నాయకులూ బోర్లా పడుకొని మిరపకాయలకు కాపలా కాస్తున్నారని నవ్వుకునేవాళ్ళం. నవ్వుకున్నా, అందరూ వచ్చి నన్ను అడగడం నాకు లోలోపల గొప్పగానే ఉండేది. కాదనడం నాకు చేతకాదని ఊళ్ళో పేరు. దాన్ని మంచితనం అనుకున్నాను.

ఆ రోజుల్లో పై వాటాలో ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. ఆరేళ్ళు ఉన్నారు. ఆడపిల్లలంటే చిన్నవాళ్ళేం కాదు, ఇద్దరూ నలభైకి దగ్గర పడ్డవాళ్ళే. నాకు అలా అనడం అలవాటు. ఒకామె టైలరు, పై వరండాలో గ్రిల్లు పక్కనే మిషను. రెండో ఆమె ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. టైలరమ్మాయిది రెంటచింతల వైపు పల్లె. ఎండల మాట వస్తే, "మీ పేట ఎండ కూడా ఒక ఎండేనా పిన్నీ, మా కాడ కాకి కూడా చెప్పులు అడుగుద్ది" అనేది. ఒక కార్తీకంలో నేను తెల్లవారుజామున తడి మెట్ల మీద జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు వేసిన చేతికి జాకెట్టు ఎక్కదు. ఆ అమ్మాయి నన్నేమీ అడగకుండానే నా పాత జాకెట్లు మూడు పట్టుకుపోయి, కుడి పక్క భుజం నుంచి నడుము దాకా విప్పి, హుక్కులు పెట్టి తెచ్చింది. ల్యాబ్ అమ్మాయి రోజూ డ్యూటీకి పోయే ముందు కిందికి వచ్చి నాకు జడ వేసి, బొట్టు పెట్టి, నా ఎడమ చెయ్యి తన చేత్తో పట్టుకొని దేవుడికి హారతి ఇప్పించేది. నెలన్నర పాటు ఒక్క పూజ తప్పనివ్వలేదు.

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి నాకు చదువు చెప్పారు. అక్షరాలతో పాటు ఆయన నేర్పిన ఇంకో అలవాటు, దీపాల వేళ ఆ రోజు మనకు మేలు చేసినవాళ్ళను పేరు పేరునా తలుచుకొని దేవుడికి చెప్పుకోవడం. ఆ ఇద్దరి పేర్లూ నేను చెప్పుకోని సాయంత్రం లేదు. దేవుడికి చెప్పుకున్నాను గాని, ఒక్కసారి మెట్లెక్కి వాళ్ళకు చెప్పాలని తోచలేదు.

వాళ్ళ సంగతి నీకు తెలుసా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకే మంచం, ఒకే బీరువా. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోయేవాళ్ళు. ఒకరికి జ్వరం వస్తే రెండో ఆమె ముఖం పాలిపోయేది. పెళ్ళి మాట ఎత్తితే, "మాకిట్టా బాగానే ఉంది పిన్నీ" అనేవాళ్ళు, ఇద్దరూ ఒకేసారి. తలుపు తీసి ఉన్న గది పక్క నుంచి లోపలికి చూడకుండా పోయినట్టు, ఆ సంగతి పక్క నుంచి ఆరేళ్ళు పోతూ వస్తూ ఉన్నాను.

మూడేళ్ళ కిందటి వేసవిలో ఢిల్లీలో పెద్ద కోర్టు ముందు ఆ పెళ్ళిళ్ళ వాదన మొదలైంది. టీవీలో రోజూ అదే. మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, మా భజన బృందానికి పెద్ద. ఒక మధ్యాహ్నం గొడుగు మూస్తూనే మొదలుపెట్టింది. "ఏమే, ఆడోళ్ళు ఆడోళ్ళనీ, మగోళ్ళు మగోళ్ళనీ చేసుకుంటారంట. దానికి వకీళ్ళు, వాదనలు. మనం తాళాలు కొట్టుకుంటా కూసుంటే రేపు పసుపు కుంకాలకి అర్థం ఏముంటది? ఫ్లెక్సీ ఏయిద్దాం. నీకు తెలుగు బాగా వచ్చుగా, నాలుగు ముక్కలు రాయి."

రాశాను. నాలుగు ముక్కలు కూడా అక్కర్లేకపోయింది. "ఆలుమగలున్నదే ఇల్లు. తక్కినవన్నీ గోడలు." వదిన రెండుసార్లు చదివి, "సరస్వతి ఉందే నీ చేతిలో" అంది. నాకు ఒళ్ళు పొంగింది, దాచుకోవడం ఎందుకు. ఆ మాట నమ్మే రాశాను. ఎవరినీ మనసులో పెట్టుకొని రాయలేదు. ఎవరూ మనసుకు రాకపోవడమే తప్పని అప్పుడు తెలియలేదు.

మామూలుగా మా గ్రిల్లుకు కట్టే ఫ్లెక్సీలు నడుము ఎత్తువి, ఒకటి రెండు రోజులుండి పోయేవి. ఇది గ్రిల్లు మొత్తం మూసేసింది. పసుపు రంగు, మీద ఎర్రటి అక్షరాలు, అంచున పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. మూడో రోజున టైలరమ్మాయి దిగి వచ్చింది.

"పిన్నీ, ఫ్లెక్సీ కొంచెం పైకి కట్టించకూడదా? గాలి ఆడట్లా. మిషను కాడ కూసోలేకపోతన్నా."

అక్షరాల గురించి ఒక్క మాట అనలేదు. గాలి గురించే అడిగింది. "పది రోజులేనమ్మా. వదినావాళ్ళు కట్టించారు, ఇప్పుడు విప్పమంటే బాగుండదు" అన్నాను. "సరే పిన్నీ" అని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే డాబా మీద వడియాలు పెట్టడానికి పైకి వెళ్ళాను. వాళ్ళ తలుపు తీసి ఉంది. ఎండ ఫ్లెక్సీలోంచి దూరి, వరండా, ముందు గది అంతా పసుప్పచ్చగా ఉన్నాయి. అక్షరాల నీడలు తిరగబడి నేల మీద, మిషను మీద, కత్తిరించి పెట్టిన గుడ్డల మీద పడుతున్నాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ల్యాబ్ అమ్మాయి తడిగుడ్డ ముఖాన వేసుకొని నేల మీద పడుకొని ఉంది. ఆమె భుజం మీద కూడా ఒక ముక్క పడింది. తిరగబడినా నేను రాసింది నేను పోల్చుకోగలను. ఆ ఒక్కసారి లోపలికి చూశాను. చూసి, డాబా మీదికి వెళ్ళి, వడియాలు పెట్టుకొని దిగి వచ్చాను.

ఈలోగా డిగ్రీ కాలేజీ పిల్లలు ఎదురు కరెంటు స్తంభానికి కాగితాలు అంటించారు. "ఇద్దరి కాపురానికి ఊరంతా పెళ్ళిపెద్దలా?" అని. దాంతో మా మలుపంతా రచ్చబండ అయింది. పొద్దున టీ కొట్టు దగ్గర మొదలైతే మధ్యాహ్నం ఎండకు గాని ఆగేది కాదు. ఒకరు కాగితం చించడం, ఇంకొకరు మళ్ళీ అంటించడం. ఎదురు షెడ్డులో మెకానిక్ భాయ్ ఉన్నాడు, ఎవరి జోలికీ పోని మనిషి. ఆయన ఒక రోజు చేతులు తుడుచుకుంటూ వచ్చి మా వదినతో అన్నాడు. "మా ఇళ్ళల్లో కూడా ఒప్పుకోరమ్మా ఇయ్యన్నీ. కాకపోతే ఒకళ్ళ గాలి మూసి చెప్పాల్సిన మాటా ఇది?"

"నీకెందుకు భాయ్, నువ్వు స్పానరు పట్టుకో" అంది వదిన. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మా ఆయన మాత్రం, "పిలుపులు రాకుండానే ఇంత కొట్టుకుంటన్నారు, ఇంక భోజనాలు కూడా పెడితే ఏమైద్దో" అని లోపలికి వచ్చేశారు.

గొడవ పెద్దదవుతోందని మా కాలనీ సెక్రటరీగారు, రిటైరైన మాస్టారు, ఒక ఉపాయం చెప్పారు. ఏవో దేశాల్లో ఈ పెళ్ళిళ్ళ సంగతి తేల్చమని జనాన్నే ఓటు అడిగారట, మనం కూడా మన ఫ్లెక్సీ సంగతి అలాగే తేలుద్దామన్నారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫ్లెక్సీ ఉంచాలా, తీసేయాలా. డోర్ నంబరుకు ఒక ఓటు, సాయంత్రం ఆరింటి వరకు. మా కింది వాటాకీ పై వాటాకీ డోర్ నంబరు ఒకటే. అంటే ఆ ఇద్దరికీ ఓటు లేదు, వాళ్ళది కూడా నాదే. టైలరమ్మాయి గ్రూపులో ఉంది, జాకెట్ల డిజైన్లు పెట్టడానికి చేర్చారు. చూడగలదు గాని వేయకూడదు.

ఐదున్నరకు వదిన నా పక్కనే అరుగు మీద కూర్చుంది. ఫోను నా చేతిలో ఉంది. ఆ పసుప్పచ్చ గది కళ్ళలో ఆడుతోంది. తీసేయాలి అన్న దాని మీద వేలు పెట్టాలనే ఉంది, ప్రమాణపూర్తిగా చెబుతున్నాను. వదిన నా వేలు వంకే చూస్తోంది. "కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో, మీరే నొక్కండి వదినా" అన్నాను. కళ్ళజోడు నా ఒళ్ళోనే ఉంది, కొంగు కింద. ఆమె నొక్కింది. పోనీలే, ఓటు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. నాకు తెలిసిన ఓటు అంటే బడి గదిలో అట్ట అడ్డం పెట్టుకొని వేసేది. ఫోనులో కూడా అంతే అనుకున్నాను.

మర్నాడు పొద్దున టైలరమ్మాయి కిందికి వచ్చింది. "ఇల్లు మారతన్నాం పిన్నీ. మాచర్లలో చూసుకున్నాం."

"అదేందమ్మా, ఉన్నట్టుండి?"

"గాలి చాలట్లేదు పిన్నీ."

చెప్పాక వెంటనే వెళ్ళలేదు. గుమ్మం పట్టుకొని కాసేపు నన్ను చూస్తూ నిలబడింది. ఆ నిలబడటంలో నేను ఏదో ఒకటి అనాలని ఉందని నాకు తెలుస్తూనే ఉంది. "మాచర్లలో నీళ్ళు బాగుంటాయా?" అని అడిగాను.

"బాగానే ఉంటాయంట" అంది.

నాలుగు రోజులకు వెళ్ళిపోయారు, వాళ్ళ సామాను ఒక్క ట్రాలీ ఆటోలో పట్టింది. ఆటో మలుపు తిరిగాక మా ఆయన ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఎవరు దేనికేశారో పేర్లతో సహా కనపడతదే ఇందులో. తెలియదా నీకు?" ఉంచాలి అన్న దాని కింద వరుసగా పేర్లు, ముఖాలు. వాటి మధ్య నా పేరు, నా ఫొటో. ఆ ఫొటో తీసింది ల్యాబ్ అమ్మాయే, నా చేతికి కట్టు విప్పిన రోజున. ఉంచాలన్నవాళ్ళు చాలా ఎక్కువమంది. నేను తీసేయాలని వేసినా ఫ్లెక్సీ దిగేది కాదు. కానీ వాళ్ళు మెట్లు దిగి వెళ్ళేవాళ్ళు కాదేమో.

జ్యేష్ఠంలో గాలివాన వచ్చి ఫ్లెక్సీని చీలికలు చేసింది. దసరా రోజుల్లో తీర్పు వచ్చింది. అది తమ చేతిలో లేదు, చట్టసభలే చూసుకోవాలని చెప్పారట. వదిన పులిహోర చేసి పంచింది. నేనూ తిన్నాను. రుచిగానే ఉంది, అబద్ధమెందుకు.

పోయిన మాఘంలో ధైర్యం చేసి ఒక్కదాన్నే మాచర్ల బస్సు ఎక్కాను. మార్కెట్టు వీధిలో అడుగుతూ పోతే టైలరమ్మాయి కొట్టు దొరికింది. ఒక పెళ్ళికూతురికి కొలతలు తీస్తోంది. నన్ను చూసి, "రండి అమ్మగారూ" అని ఫ్యాను కింద స్టూలు వేసింది. ఎంత మర్యాదగా పిలిచిందో అంత దూరంగా వినపడింది. పెళ్ళికూతురు వెళ్ళేదాకా ఆగి, బస్సులో వల్లించుకున్నదంతా చెప్పాను. కళ్ళజోడు సంగతి కూడా చెప్పాను. ఆమె గుడ్డ మడత పెడుతూ విన్నది.

"ఓటు సంగతి నాకు ఆ సాయంత్రమే తెలుసు. పక్కన మీ వదినగారు కూసునుంటం కూడా డాబా మీదనుంచి చూశా. మర్నాడు నేను కిందికొచ్చింది వెళ్ళిపోతన్నామని చెప్పడానికి కాదు అమ్మగారూ. ఇల్లు ఇంకా మాట్లాడుకోలేదు కూడా. మీరు ఉండమంటే ఉండిపోదామనుకొని దిగా. ఆమె మెట్ల మీదే కూసోనుంది, మీరేమంటారో విందామని."

"ఉండమనాలనే అనుకున్నానమ్మా" అన్నాను. "అనలేదు."

"పోనీండి. ఇక్కడ మాకు బాగుంది" అంది. కోపంగా అనలేదు, నిజంగానే బాగుందన్నట్టు అంది. ఇప్పుడు దీపాల వేళ ఆ మాటకు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, వాళ్ళకు బాగుంచినందుకు.

ఆ పొద్దున గుమ్మం పట్టుకొని ఆమె నాకు ఇచ్చిన వ్యవధి అర నిమిషం ఉంటుందేమో. రెండేళ్ళు దాటాక, అప్పుడు అనాల్సిన ఆ మాటే పట్టుకొని రెండు గంటలు బస్సులో వెళ్ళి చెప్పి వచ్చాను. మాటలో ఏ మార్పూ లేదు, అది చేరాల్సిన చోటు మాత్రం ఆ అర నిమిషంలోనే ఉండిపోయింది.