ప్రాగ్‌లో భోజనానికి ముందు

ట్రాయ్‌లో మా ఇంటి నుంచి డెట్రాయిట్ ఎయిర్‌పోర్టుకు ముప్పావుగంట దారి. ఆ దారంతా విజయవాడతో మాట్లాడుతూనే ఉన్నాను. మా అక్క డయాలసిస్ మీద ఉన్న మనిషి. రెండు రోజుల కిందట జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరింది. ప్రయాణం మానేస్తానంటే తనే ఒప్పుకోలేదు. "నువ్వొచ్చి ఇక్కడ ఊడబొడిచేదేముందే? మీ ఆయన రిటైరయ్యాక ఇన్నాళ్లకి కదిలాడు, వెళ్లిరా," అంది. అక్క కొడుకు రఘు, "ఏదన్నా ఉంటే వెంటనే ఫోన్ చేస్తా పిన్నీ," అన్నాడు. ఇద్దరికీ రోమింగ్ ఎందుకు దండగ అని మావారు మూర్తిగారి ఫోన్‌కే తీసుకున్నాం.

సాయంత్రం విమానం. ఆమ్‌స్టర్‌డామ్‌లో మారి మర్నాడు మధ్యాహ్నానికి ప్రాగ్‌లో దిగాం. ఎయిర్‌పోర్టు బయట బస్సెక్కి, మెట్రో మారితే ఊరి నడిబొడ్డుకు చేరొచ్చు. టికెట్‌ను బస్సులోని మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. హోటల్ గది అగ్గిపెట్టెంత ఉంది కానీ శుభ్రంగా ఉంది. రాత్రి రఘు జ్వరం తగ్గిందని చెప్పాడు. కంటినిండా నిద్రపోయాను.

పొద్దున తొమ్మిదిన్నరకు నడక టూరు. గైడ్ యానా అనే చిన్నపిల్ల. ఎర్ర గొడుగు పైకెత్తి ముందు నడుస్తోంది. అక్టోబరు ముసురు, పైగా రాళ్లు పరిచిన వీధులు. నా మోకాళ్లు అప్పుడే గొడవ మొదలుపెట్టాయి. ఒకప్పుడు తుపాకిమందు దాచిన నల్లటి బురుజు చూసి, పాత ఊరి చౌక్‌కు చేరేసరికి పదకొండు కావస్తోంది. అక్కడి పెద్ద గడియారంలో గంటగంటకూ ఓ అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది. అందరం తలలెత్తి చూస్తుండగా మావారు ఫోన్ చెవికి ఆనించుకుని పక్క సందులోకి వెళ్లారు.

తిరిగొచ్చాక అడిగితే, "రఘు. మామూలే," అన్నారు.

మామూలు కాదు. అక్కకు స్పృహ తప్పింది, ఈ పూట గడవదని డాక్టర్లు చెప్పేశారు. "అమ్మ చెవి దగ్గర ఫోన్ పెడతాను బాబాయ్, పిన్ని చేత మాట్లాడించండి," అని అడగడానికి చేశాడు రఘు. ఇదంతా నాకు భోజనమయ్యాక తెలిసింది.

అక్కణ్ణించి నా బ్యాగ్ ఆయనే మోశారు. తడి రాళ్ల మీద చెయ్యి వదల్లేదు. మాతో నడుస్తున్న టెక్సాస్ ఆవిడ, "ఎంత అదృష్టవంతురాలివి!" అని మెచ్చుకుంది కూడా. నేనూ మురిసిపోయాను.

పన్నెండింటికి చార్ల్స్ వంతెన మీదికొచ్చాం. అటూ ఇటూ సాధువుల విగ్రహాలు. ఒక విగ్రహం దగ్గర యానా ఆగి, రాణి చెప్పుకున్న రహస్యం రాజుకు చెప్పనందుకు ఈయన్ని ఇక్కణ్ణించే నదిలోకి తోసేశారని చెప్పింది. కింది కంచు పలక జనం చేతులు తగిలి మెరుస్తోంది. దాన్ని ముట్టుకుని కోరుకుంటే జరుగుతుందట. ముప్పై ఏళ్లు ఐసీయూలో పనిచేసిన డాక్టర్‌ని, ఇలాంటివి నమ్మను. అయినా చెయ్యి పెట్టి, అక్క ఇంటికి రావాలనుకున్నాను. మావారు నది వైపు తిరిగి నిలబడ్డారు. ఆ క్షణానికి అక్క బతికే ఉంది.

వంతెన దిగగానే ఉన్న ఓ చిన్న హోటల్లో వేయించిన చీజ్, బంగాళాదుంపలు తీసుకున్నాం. శాకాహారులకు అక్కడ అదే గతి. "మొత్తం తినెయ్ వసూ, షుగర్ డౌన్ అవుతుంది," అని పక్కనే కూర్చుని తినిపించినంత పని చేశారు. చివర్లో మళ్లీ ఫోన్ మోగింది. విని, పెట్టేసి, మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు.

"అక్క పోయింది."

తరవాత పొద్దుటి ఫోన్ సంగతి చెప్పారు. "పొద్దున కూడా నువ్వు సరిగ్గా తినలేదు. తిన్నాక చెబుదామనుకున్నా. ఇంత తొందరగా…"

మన ఇళ్లలో చావు కబురు తినేముందు చెప్పరు. మంచి పద్ధతే అనుకునేదాన్ని. కానీ ఆయన దాచింది చావు కబురు కాదు, బతికున్న మనిషి కబురు. స్పృహ లేకపోయినా వినిపించవచ్చు, మాట్లాడండి అని ఎంతమంది రోగుల బంధువులకు చెప్పానో! ఆ మాట మా ఇంట్లో ఆయనతోనూ అన్నాను.

ఏ విమానం ఎక్కినా దహనానికి అందను. మర్నాటి విమానానికి టికెట్లు మార్పించి డెట్రాయిట్‌కే బయల్దేరాం. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తొమ్మిది గంటలూ కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఆయన చెడ్డవారైతే నాకు సులువుగా ఉండేది.

దిగబోతుండగా అడిగారు. "ఏం చెప్పేదానివి వసూ?"

"ఏముంది చెప్పడానికి? 'నేనే అక్కా' అనేదాన్ని."

ప్రాగ్ చూడదగ్గ ఊరే. మెత్తటి బూట్లు వేసుకోండి, గొడుగు పట్టుకెళ్లండి, వంతెన మీదికి పొద్దున్నే వెళ్లండి. ఇంటి దగ్గర ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఫోన్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.