కూతురు రాసిన దొంగ

కుంటి టైలర్ దుకాణం ఎక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. భార్య పోయాక ఆయనకు కుట్టుమిషను, కూతురు తప్ప వేరే లోకం లేదు. ఆ వీధికి రాకముందు, కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు, దొంగతనం కేసులో జైలుకెళ్లాడని అందరికీ తెలుసు. ఏం దొంగిలించాడో మాత్రం ఎవరికీ తెలియదు. అడిగితే పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని, మాట్లాడలేనని సైగ చేసేవాడు.

కూతురు బడిలో పాఠాలు చెబుతూ ఒక నవల రాసింది. తండ్రి చెప్పనిదంతా తానే కల్పించుకుంది. అందులో కథానాయకుడైన టైలర్ బ్యాంకు దోచి, పేదలకు పంచి, కాలికి తూటా తగిలి పట్టుబడతాడు. పుస్తకం 'మా నాన్నకు' అంకితమిచ్చింది. ఇంకేముంది, వీధి వీధంతా నమ్మేసింది.

నీళ్లు ఎక్కువ వాడుతున్నారని రోజూ గొంతు చించుకునే ఇంటి ఓనరు 'మీరు' అనడం మొదలుపెట్టాడు. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చిన కానిస్టేబుల్ కుర్చీ అంచున ఒదిగి కూర్చుని, "తూటా ఇంకా లోపలే ఉందా అన్నా?" అని అడిగాడు. టైలర్ ఔననలేదు, కాదనలేదు. మామూలుకన్నా కాస్త ఎక్కువ కుంటుతూ ఇస్త్రీపెట్టె దగ్గరికి నడిచాడు.

ఆ మర్యాద బాగానే ఒంటబట్టింది. కానీ ఓ పత్రికవాళ్లు మాట్లాడడానికి వస్తామనేసరికి కుడుతున్న మిషను ఆపేశాడు. మధ్యాహ్నం అన్నం తింటున్న కూతురి ముందు చతికిలబడ్డాడు.

"బ్యాంకూ లేదు, తూటా లేదమ్మా. బట్టల కొట్టు. పైకప్పులోంచి తానుల గుట్ట మీదికి దిగాను. మెత్తగా ఉంటే కాసేపు నడుం వాల్చాను. తెల్లారాక కొట్టాయనే లేపాడు."

"మరి కాలు?"

"ఉలిక్కిపడి గుట్ట మీంచి పడ్డాను."

నవ్వీ నవ్వీ ఆమెకు పొలమారింది. ఆయనే నీళ్లందించాడు.

"దొంగతనానికి వెళ్లి ఎవరైనా నిద్రపోతారా నాన్నా?"

"అప్పటికి వారంగా నీకు జ్వరం. కింద పెడితే ఏడుపే. రాత్రంతా భుజాన వేసుకుని తిరిగేవాణ్ని. ఎన్నాళ్లని ఆపుకుంటాను నిద్ర?"

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అయితే నిన్ను పట్టించింది నేనేనన్నమాట."

"పోలీసులకు నీ పేరు చెప్పలేదులే," అన్నాడు తండ్రి. "ఎంతైనా ఇంటిమనిషివి."

పత్రికవాళ్లు వచ్చినప్పుడు ఆయనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"ఇంత చేసి కూడా ఎంత తగ్గించుకుని మాట్లాడుతున్నారండీ!" అంటూ, అదే రాసుకుని వెళ్లిపోయారు.