బాపు సాసర్

మా బాపుకు జ్వరమొచ్చి తగ్గినప్పుడల్లా మూతి పేలేది. పెదవి మూలకు నీటి పొక్కులు లేచేవి. అయినా ఆదివారం నన్ను సైకిల్ మీద ఎక్కించుకొని అఫ్జల్‌గంజ్‌ల ఇరానీ హోటల్‌కు తీస్కపోవుడు మానలేదు. చాయ్ సాసర్ల పోసి, ముందు తన పెదవికి తాకించి వేడి చూసి, అదే సాసర్ నా నోటికి పెట్టేటోడు. "ఆడపిల్లకు హోటల్ ఏంది, ఆ ఎంగిలి ఏంది" అని అమ్మ మస్తు లొల్లి చేసేది.

బాపు చనిపోయిన ఏడాది నా మూతి పేలింది. సరిగ్గా అదే మూలకు. దవాఖానకు పోతే డాక్టరమ్మ చూసి, "ఈ పొక్కుల వైరస్ లోకంల చానామందికి ఉంటదమ్మా. ఎక్కువమందికి పొక్కు లేవనే లేవదు. అందుకే ఎంతమందికి ఉందో పొక్కులు చూసి లెక్క కడితే తప్పుతది, నెత్తురు పరీక్షలు చేస్తేనే తెలుస్తది" అన్నది.

లోకం లెక్కతోని నాకేం పని? నాకెట్ల వచ్చిందో చెప్పుమన్న.

"చిన్నప్పుడు ఇంట్ల ఎవరి ఎంగిలి నుంచో వచ్చి ఉంటది. ఒకసారి ఒంట్లకొస్తే ఇగ పోదు."

"ఎప్పటికీ పోదా?" అని మళ్ల అడిగిన.

"పోదు. ఫికర్ చెయ్యకు" అన్నది పాపం, నేను భయపడ్డననుకొని.